పొయ్యి మనది, గొడ్డలి వాళ్ళది

చెట్లు కోసే మిషన్ కొనాలా వద్దా అన్న మాట ఈమధ్య మా గూడెం వైపు చాలా ఇళ్ళల్లో వినపడుతోంది. పేరు ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు. చైన్ సా, పవర్ సా, కోత మిషన్. గాలివానకి పెరట్లో మామిడి కొమ్మ విరుగుతుంది, కొట్టడానికి కూలి మనిషి దొరకడు, ఇంటాయన ఫోన్లో రెండు వీడియోలు చూసి "ఒకటి కొనేద్దాం, పడుంటుంది" అంటారు. ఇంటావిడ "ఎందుకండీ, గ్యాసుందిగా" అంటుంది. మాట అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఇద్దరి దగ్గరా లెక్క లేదు.

లెక్క అంటే మిషను ధర కాదు. ఏడాదికి మన ఇంట్లో ఎంత కట్టె కాలుతుంది, అది ఎంత లావుది, ఏ చెట్టుది, ఎక్కడ ఆరుతుంది అన్న లెక్క. అది మన అమ్మమ్మలకి కంఠతా ఉండేది. గొడ్డలి మగవాళ్ళ చేతిలో ఉన్నా, కట్టె ఎంత కావాలో, ఎంత సన్నగా చీల్చాలో చెప్పేది పొయ్యి దగ్గర కూర్చున్న మనిషే. గ్యాసు వచ్చాక పొగతోపాటు ఆ లెక్క కూడా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. రంపం గురించి మాట్లాడేముందు అది ఎలా వెళ్ళిందో ఒకసారి చూద్దాం.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు. ఎటు చూసినా పచ్చగా ఉండే ఈ నేల కట్టెల విషయంలో మాత్రం ఎప్పుడూ కరువు సీమే. పచ్చదనమంతా వరిది. గట్ల మీద తాడి, కొబ్బరి, నల్లతుమ్మ, పెరట్లో మామిడి, చింత, వేప. అంతే. అసలైన అడవి మెట్ట దాటి బుట్టాయగూడెం, పోలవరం వైపు వెళితేగానీ రాదు. కాటన్ దొర హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు పారాయి. గోదావరినీ కృష్ణనీ ఏలూరు కాలువ కలిపింది. ఆ కాలువలు పొలాలకి నీళ్ళే కాదు, పడవలకి దారి కూడా. బియ్యం బస్తాలు ఒకవైపు పోతే, కట్టెలూ వెదుళ్ళూ ఇంకోవైపు వచ్చేవి. కాలువ గట్టున దిగిన సరుకు కట్టెల అడితికి చేరేది. అడితిలో కాటా వేసి మణుగుల లెక్కన అమ్మేవాళ్ళు. తడి కట్టె బరువు తూగుతుందని తెలుసు కాబట్టి, కొనేముందు రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూసేవారు. టంగుమంటే ఎండినది, దబ్బుమంటే పచ్చిది. ఈ పరీక్ష ఇప్పటికీ పనిచేస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఆ అడవి పక్కన కూడా కథ సుఖంగా లేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు ఏర్పడి, కొండవాళ్ళు తమ అడవిలో పోడు కొట్టుకోవడానికీ, పశువులు మేపుకోవడానికీ ఆంక్షలు వచ్చాయి. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో లేచిన మన్యం తిరుగుబాటు కారణాల్లో ఇదొకటి. డెల్టా పొయ్యిల్లో కాలే కట్టెకి అవతలి కొస ఎక్కడుందో వంట చేసేవాళ్ళకి తెలిసే దారి లేదు.

అడితి కట్టె డబ్బున్నవాళ్ళది. మిగతా ఇళ్ళల్లో ఏది దొరికితే అది: పిడకలు, కందికంప, తాటిమట్టలు, కొబ్బరి డొక్కలు, కొబ్బరి కమ్మల ఈనెలు. గోదావరి వరదొస్తే కొవ్వూరు, పోలవరం వైపు ఒడ్డున జనం కొట్టుకొచ్చే దుంగలు లాగి ఎండేసుకుంటారు. ఇప్పటికీ చూస్తాం. కొల్లేటి లంకల్లో అదీ లేదు. అక్కడ దొరికేది కిక్కిస గడ్డి, అది ఇంటి కప్పుకి పనికొస్తుందిగానీ అన్నం కుండ కింద నిలబడదు. లంకల్లో వంటంతా పిడకల మీద. పిడక అంటే గేదె. తర్వాత వరి చేలు చేపల చెరువులుగా మారుతూ వచ్చేసరికి మేత పోయింది, గడ్డి పోయింది, గేదెలు తగ్గాయి, గేదెతోపాటు పిడకా పోయింది. చేపల చెరువుల గురించి అందరూ నీళ్ళ సంగతీ కొంగల సంగతీ రాస్తారు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చెరువు గట్లు కొట్టేశారు, అవన్నీ పేపర్లో వచ్చాయి. పొయ్యి కిందకి ఏం పెట్టాలో తోచక ఊరి ఆడవాళ్ళు కట్టెలు కొనుక్కోవడం మొదలుపెట్టిన సంగతి మాత్రం పెద్దగా ఎక్కడా రాలేదు.

ఏ కట్టె ఎలా కాలుతుందన్నది మన వంటింటి శాస్త్రం. తుమ్మ అంటే బంగారం, సన్నగా మండి గట్టి నిప్పులు నిలబెడుతుంది. సరుగుడు పచ్చిమీద కూడా మిగతావాటికంటే త్వరగా అంటుకుంటుంది. నరసాపురం, మొగల్తూరు ఇసక నేలల్లో దాన్ని తోటలుగానే వేస్తారు. చింత చీల్చడానికి ప్రాణం తీస్తుంది, కాలితే పిండివంటలన్నీ ఒక్క దుంగ మీద అయిపోతాయి. మామిడి మెత్తన, పొగ ఎక్కువ. వేప వాసన పాలకి పడుతుందని పాల దాలి దగ్గరకి రానిచ్చేవారు కాదు. ములగ కట్టె ఎందుకూ కొరగాదు. రావి, మేడి పొయ్యిలో పెట్టరు, అవి హోమానికి.

ఎండడం అన్నిటికంటే ముఖ్యం. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా మంట వేడి అన్నానికి రాదు, నీళ్ళకే పోతుంది, మిగిలింది పొగ. అందుకే కట్టెలు కొట్టించే పని ఎండాకాలంలో పెట్టుకునేవారు. రోహిణి కార్తె ఎండకి పరిచి, మృగశిర లోపల అటకెక్కించాలి. మా అత్తగారు ఏలూరులో చిన్నప్పుడు చూసిన సంగతి చెబుతుంటారు. కట్టెలు కొట్టేవాళ్ళు వచ్చిన రోజు వాళ్ళ నానమ్మ అరుగు మీద కూర్చుని, పొయ్యి నోటికి సరిపోయేలా కొలతపుల్ల ఒకటి పక్కన పెట్టుకునేవారట. దానికంటే పొడుగైన ముక్క వచ్చిందంటే మళ్ళీ కొట్టాల్సిందే. పొడుగు ముక్క పొయ్యి బయటికి పొడుచుకొచ్చి చంటిపిల్లల కాళ్ళకి తగులుతుంది, అందుకని. ఈ కొలతపుల్ల సంగతి మిషను దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

తాడేపల్లిగూడెంలో పెరిగినవాళ్ళకి ఊక పొయ్యీ, పొట్టు పొయ్యీ గుర్తుండాలి. ఇన్ని రైసుమిల్లులున్న ఊళ్ళో ఊక ఊరికే పోనిస్తారా? సామిల్లు దగ్గర రంపపు పొట్టు బస్తాలకెత్తి అమ్మేవారు. పొట్టు పొయ్యి నింపడం ఒక పని. రేకు డబ్బా మధ్యలో ఒక రోకలి నిలబెట్టి, అడుగున పక్క రంధ్రంలోంచి ఇంకో కర్ర దూర్చి, చుట్టూ పొట్టు పోసి చేత్తో గట్టిగా దట్టించాలి. తర్వాత ఊపిరి బిగబట్టి రోకలి పైకి, కర్ర బయటికి లాగాలి. గోడ కూలకుండా నిలిచిందా, రెండు మూడు గంటలు ఊదే పని లేకుండా మండుతుంది. కూలిందా, మళ్ళీ మొదటికి. చెట్టు కోత నుంచి ఇంటి ఆడవాళ్ళకి దక్కిన వాటా చాలాకాలం ఆ పొట్టే.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులకి వెనకాల బొగ్గుల పొయ్యి తగిలించి, ఆ గ్యాసుతో నడిపేవారు. అప్పట్లో బొగ్గూ కట్టే ఎంత ప్రియమైపోయాయో పాతవాళ్ళు కథలుగా చెప్పేవారు. బస్సుకీ కుంపటికీ ఒకే సరుకు కావాలంటే గెలిచేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక పొగ సంగతి. దాని మీద మొదట గట్టిగా ఆలోచించినవాళ్ళలో మన హైదరాబాదు వాళ్ళున్నారు. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు 1953లో పొగలేని వంటిళ్ళ మీద ఒక పుస్తకమే వేశారు. మట్టితో కట్టుకునే పొయ్యికే రెండు మూడు గిన్నెలు పట్టే అరలు, వెనకాల పొగగొట్టం. పెద్ద ఖర్చు లేదు. అదే దారిలో 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టింది. పొగగొట్టం మసి పట్టి మూసుకుపోతే దులిపే మనిషి ఎవరన్నది ఎవరూ చెప్పలేదు, అందుకే చాలా ఇళ్ళల్లో ఆ పొయ్యిలు కొన్నాళ్ళకే పాత పొయ్యిలైపోయాయి. ఇది నా అభిప్రాయం. పొయ్యి గురించి ఆలోచించినవాళ్ళు ఉన్నారు, పొయ్యి దగ్గర మనిషి రోజు గురించి ఆలోచించినవాళ్ళు తక్కువ.

గ్యాసు మాత్రం ఆ మనిషి రోజునే మార్చింది. తొలి ఇండేన్ కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. మన పల్లెల్లోకి రావడానికి ఇంకో తరం పట్టింది. 1999లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దీపం పథకం కింద డ్వాక్రా మహిళల పేరున కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పెట్టింది. 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. ఇళ్ళల్లో పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తమ్మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఊదుగొట్టంతో పొద్దంతా ఊది ఊది ముసలితనంలో దగ్గుతో పోయిన మన పెద్దవాళ్ళని ఎవరూ ఆ లెక్కలో వేసుకోలేదు. వయసు మీదపడిందన్నారు, అంతే.

ఇప్పుడు అసలు లెక్క. 14.2 కేజీల సిలిండరు ఒకటి ఎంత కట్టెకి సమానం? కేజీ గ్యాసులో కేజీ ఎండు కట్టెకంటే దాదాపు మూడు రెట్ల వేడి ఉంటుంది. పైగా గ్యాసు పొయ్యిలో ఆ వేడిలో సగానికి పైగా గిన్నెకి అందుతుంది. మూడు రాళ్ళ పొయ్యిలో పదో వంతో, ఆరో ఏడో వంతో అందుతుంది. లెక్క వేస్తే ఒక్క సిలిండరు 150 నుంచి 200 కేజీల ఎండు కట్టె చేసే పని చేస్తుంది. నలుగురున్న ఇల్లు ఏడాదికి ఎనిమిది సిలిండర్లు వాడుతుందనుకుంటే, మన నానమ్మలు ఏటా టన్నుకి పైగా కట్టె కాల్చారన్నమాట. అదీ సొంత అడవి లేని ఊళ్ళో! అంత కట్టె అవసరమున్న రోజుల్లో ఇంటికో కోత మిషన్ ఉంటే ఎవరైనా కళ్ళకద్దుకునేవారు. ఆ రోజుల్లో అది లేదు. ఇప్పుడు మిషన్ బజార్లో ఉంది, అవసరం పదో వంతుకి పడిపోయింది.

పూర్తిగా పోలేదు, అదీ నిజమే. సంక్రాంతి అరిసెల పాకం, పెద్ద మూకుడు గ్యాసు మీద పెట్టడానికి చాలామందికి మనసొప్పదు. కార్తీకమాసం తెల్లవారుజామున రాగి బాయిలర్లో నీళ్ళు కాగాలి. పెళ్ళికి గాడిపొయ్యి తవ్వితే గుండిగల కింద లావాటి దుంగలే కావాలి. భోగిమంట ఉంది. ఇవన్నీ కలిపి మా ఇంట్లో ఏడాదికి రెండొందల కేజీలు దాటదు. మీ ఇంటిది మీరు వేసుకోండి. బాయిలర్ రోజూ వెలిగే ఇల్లైతే ఎక్కువే వస్తుంది.

ఇక ఆ రంపం ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీరు ఓ క్షణం ఆగిపోతారు. చైనుకి పళ్ళు కట్టి కోయడం మొట్టమొదట చేసింది చెట్టు మీద కాదు. పురిటి మంచం మీద.

18వ శతాబ్దం చివర్లో, బిడ్డ బయటికి రాలేకపోతే తల్లి కటి ఎముకలు ముందువైపు కలిసే చోట కోసి దారి వెడల్పు చేసేవారు. 1777లో పారిస్‌లో సిగో అనే వైద్యుడు కత్తితో ఆ పని చేసి పేరు తెచ్చుకున్నాడు. కత్తితో కష్టమని, స్కాట్లండ్‌లో జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు వైద్యులు గడియారం గొలుసులాంటి సన్నటి గొలుసుకి పళ్ళు పెట్టి, రెండు కొసలా పిడులు తగిలించిన రంపం తయారుచేశారు. ఎయిట్‌కెన్ 1785లో మంత్రసాని విద్య మీద రాసిన పుస్తకంలో దాన్ని చూపించాడు. రోగమొచ్చిన కీళ్ళు కోసి తీయడానికీ అలాంటిదే వాడారు. మత్తుమందు ఇంకా రాలేదు. క్లోరోఫాం పురుడుకి వాడటం 1847లో మొదలైంది. అప్పటిదాకా ఆ తల్లులందరూ తెలివితోనే ఉన్నారు. ఎవరైనా పోరు పెడితే "రంపపు కోత పెడుతున్నావు" అనడం మనకి అలవాటు. ఆ మాట ఈ సంగతి తెలిశాక నాకు నోటికి రావడం లేదు. తర్వాత సిజేరియన్ ప్రాణాపాయం లేకుండా చేయడం నేర్చుకున్నాక ఆ గొలుసు ప్రసూతి గదిలోంచి తప్పుకుంది.

అడవిలోకి అది చాలా ఆలస్యంగా వచ్చింది. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో తిరిగే గొలుసు రంపం చేశాడు. బరువు 64 కేజీలు, ఇద్దరు పట్టుకోవాలి. పెట్రోలుది 1929లో, 46 కేజీలు. అంటే మన ఇంట్లో ఒక బియ్యం బస్తా భుజానికెత్తుకుని చెట్టు కోసినట్టు. 1950కి బరువు 16 కేజీలకి దిగాక ఒక్క మనిషి చేతికి వచ్చింది. ఈ మధ్యలో ఇంకో చిన్న కథ ఉంది, అది మన సబ్జెక్టే. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన పొయ్యి కట్టెలు కొడుతూ, మొద్దులో ఒక పురుగు చెక్కని తొలుచుకుపోవడం చూశాడు. ఆ పురుగు నిలువు చారలకి అడ్డంగా అయినా సులువుగా పోతోంది, ఎందుకంటే దాని దవడలు ఎడమకొకటి, కుడికొకటి కోస్తున్నాయి. ఇంటి నేలమాళిగలో కూర్చుని అలాంటి పళ్ళతోనే గొలుసు తయారుచేసి, 1947లో అమ్మకం మొదలుపెట్టాడు. ఈరోజు గూడెం షాపులో వేలాడే చైను దగ్గర నిలబడి పళ్ళు చూడండి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి ఉంటాయి. ఆ పురుగు చలవే.

మన వైపు ఇది మాటల్లోకి వచ్చింది తుఫాన్ల వల్ల. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 కోనసీమ తుఫాను. కోనసీమలో కొబ్బరి తోటలు వరసలు వరసలుగా పడిపోయాయి. వాటిని గొడ్డళ్ళతో, రెండు చేతుల రంపాలతో నెలల తరబడి కోసుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు టీవీలో రోడ్డు మీద చెట్లని మిషన్లతో కోస్తూ చూపించారు. మా ఇంట్లో "పవర్ సా" అన్న మాట నేను విన్నది అప్పుడే. ఇప్పుడు ఊరికొకరిద్దరు కుర్రాళ్ళు మిషను పెట్టుకుని గంటల లెక్కన కోసిపెడుతున్నారు.

కొనాలనుకునేవాళ్ళు ముందు ఆ కుర్రాణ్ణి ఒకసారి పిలిపించండి. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి గంటన్నర పని ఉంటే, మిషను కొనడంకంటే ఆ కూలే చవక. నా మటుకు నేను ఇదే చెబుతాను. కాదు, మాకు రెండెకరాల కొబ్బరి తోటో, చెరువు గట్టు మీద చెట్లో ఉన్నాయి, నెలకోసారైనా పని పడుతుందంటారా, అప్పుడు వినండి.

పెట్రోలు మిషను బలమైనది, తోటలోకి ఎంత దూరమైనా తీసుకెళ్ళొచ్చు. దాని జబ్బల్లా ఊరికే కూర్చోలేకపోవడం. దాంట్లో పెట్రోలు, టూ-టీ ఆయిలు కలిపి పోయాలి. పాళ్ళు ఒక్కో మిషనుకి ఒక్కోలా, 50కి 1 ఒకదానికి, 25కి 1 ఇంకోదానికి. పుస్తకంలో రాసిందే పాటించాలి. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. మన వైపు గాలి తేమ సంగతి మీకు చెప్పాలా, డబ్బాలో అప్పడాలే మెత్తబడతాయి. ట్యాంకులో మూడు నెలలు వదిలేసిన పెట్రోలు కార్బొరేటర్‌ని పాడుచేస్తుంది. సంక్రాంతికి వాడి, మళ్ళీ వానలకి తీస్తే స్టార్ట్ కాదు. ఎప్పుడో ఒకసారి వాడే ఇంటికి పెట్రోలు మిషను మేపడం దండగ అనిపిస్తుంది నాకు. వాడిన ప్రతిసారీ ట్యాంకు వంచేసి, మిగిలింది అయిపోయేదాకా నడిపి ఆపే ఓపిక ఉంటే సరే.

కరెంటుది తేలిక, చప్పుడు తక్కువ, అలా పడున్నా ఏం కాదు. 2000 వాట్లంటే 16 ఆంప్స్ సాకెట్, లావాటి ఎక్స్‌టెన్షన్ వైరు ఉండాలి. సన్న వైరు వేడెక్కుతుంది. తడి నేల మీద వాడకూడదు. "తుఫానొస్తే కరెంటుండదు కదా" అని అందరూ అంటారు. నిజమే. కానీ ఆలోచించండి, పడిన కొమ్మని ఆ రోజే పొయ్యి ముక్కలుగా కోయాల్సిన తొందరేంటి? పక్కకి లాగి పెడితే చాలు. తీగల మీద పడ్డ చెట్టు ఎలాగూ మనం ముట్టుకోకూడదు, అది కరెంటు వాళ్ళ పని. బ్యాటరీది ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. వైరు గొడవ లేదు, సన్న కొమ్మలకి హాయి. ఇంట్లో ఇప్పటికే అదే కంపెనీ డ్రిల్ ఉంటే బ్యాటరీ కలిసొస్తుంది.

చైను తిరిగే పొడుగు రేకుని బార్ అంటారు. షాపులో 22 అంగుళాలది చూపిస్తారు, ఇంకాస్తకే పెద్దది వస్తుందంటారు. మన వంటింటి కట్టెకి 14, మహా అయితే 16 అంగుళాలు చాలు. బరువు నాలుగైదు కేజీలు దాటకూడదు. ఇక్కడ అత్తగారి నానమ్మ కొలతపుల్లని గుర్తుచేసుకోండి. మన బాయిలర్ నోరు ఎంత, పొయ్యి నోరు ఎంత, అందులో పట్టే ముక్క ఎంత? మిషను కోసేది అడ్డంగానే. నిలువుగా చీల్చడానికి గొడ్డలి మళ్ళీ కావాల్సిందే, ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు.

చైన్ బ్రేకు లేనిది ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా మొహం మీదకి ఎగదన్నుతుంది, రెప్పపాటులో. ముందున్న ఆ అడ్డు మణికట్టుకి తగలగానే చైను ఆగాలి. షాపులోనే చేయించి చూడండి. రెండు చేతులతో పట్టుకోవాలి, భుజం ఎత్తుకి మించి ఎత్తకూడదు, నిచ్చెనెక్కి అసలు కోయకూడదు. మనవాళ్ళు లుంగీ మోకాలి పైకి కట్టి, చెప్పులు కూడా లేకుండా మొదలెడతారు. ప్యాంటు, గట్టి బూట్లు, కళ్ళజోడు, చెవులకి అడ్డు, ఇవి ఉంటేనే తాడు లాగనివ్వండి. చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది. పిల్లలు గడప దాటకుండా చూసుకోవడం ఎలాగూ మన మీదే పడుతుంది.

కొబ్బరి, తాడి కోస్తే చైను చాలా త్వరగా మొద్దుబారుతుంది. ఆ పీచులో ఇసక రేణువులాంటి గట్టిదనం ఉంటుంది. పాత మామిడి మొదళ్ళలో ఎప్పుడో ఉయ్యాలకి కొట్టిన మేకులుంటాయి, ముందు తడిమి చూడాలి. పదునుకి గుండ్రటి ఆకురాయి వస్తుంది, నాలుగైదు మిల్లీమీటర్లది, చైనుని బట్టి. సన్నటి పొట్టు పడుతోందంటే పదును పోయినట్టు, చిన్న చిన్న పలుకులు పడుతుంటే బాగున్నట్టు.

నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం ఉంది, అనుమతి కావాలి. కొన్ని రకాలకి మినహాయింపులుంటాయి, గ్రామ సచివాలయంలో ముందే అడగండి. కొల్లేరు అభయారణ్యం హద్దుల్లో అయితే అటవీశాఖ వాళ్ళని అడక్కుండా మిషను బయటికి తీయకండి.

ఇంకొక్కటి. చైను మీద పడే నూనె వేరే ఉంటుంది, దాన్ని విడిగా పోయాలి. ఖర్చు తగ్గుతుందని మా వైపు చాలామంది బండిలోంచి తీసిన పాత ఇంజనాయిల్ పోస్తున్నారు. అది చైను మీదనుంచి చిమ్మి పొట్టులో కలుస్తుంది. ఆ పొట్టు ఎత్తి కరివేపాకు మొదట్లోనో ఆకుకూర మడిలోనో వేసేవాళ్ళున్నారు, నేలకి మంచిదని. సరైన చైన్ ఆయిల్ పోసినా సరే, ఆ పొట్టుని మడిలో వేయకండి. బాయిలర్ కిందకి తోసేయండి.